రికార్డు క్లీన్ అంటే ఏంటసలు?

ఏ ఐటీ సర్వీసెస్ కంపెనీకి సైబర్‌సెక్యూరిటీ రికార్డు బాగుందని ఈ మధ్య ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, కాగ్నిజెంట్ పేర్లు పక్కపక్కన పెట్టి, ఎవరి మీద ఎన్ని దాడులో లెక్కేసి ర్యాంకులిచ్చేస్తాం, ఎంసెట్ ఫలితాల్లాగా. నా అభ్యంతరం ఈ లెక్క మీదే.

2020 ఏప్రిల్‌లో కాగ్నిజెంట్ మీద మేజ్ రాన్సమ్‌వేర్ పడింది. ఆ సంగతి కంపెనీయే ప్రకటించింది, 5 నుంచి 7 కోట్ల డాలర్ల దెబ్బని అంచనా కూడా చెప్పింది. అంతకు ఏడాది ముందు విప్రో సంగతి బయటపెట్టింది మాత్రం బ్రయాన్ క్రెబ్స్ అనే జర్నలిస్టు. ఆ తర్వాతే, కొందరు ఉద్యోగుల అకౌంట్లు ఫిషింగ్‌కి చిక్కాయని కంపెనీ ఒప్పుకుంది. మన పట్టికలో ఇద్దరికీ చెరో మార్కు కట్. రెండూ ఒకటేనా? దాడి జరిగినా నోరు మెదపని మూడోవాడుంటే వాడికి ఫుల్ మార్కులు!

ఇక క్లోరాక్స్ కేసు. 2023 ఆగస్టులో ఆ అమెరికన్ కంపెనీ మీద దాడి జరిగింది. దాని హెల్ప్‌డెస్క్ నడిపింది కాగ్నిజెంట్. ఫోన్ చేసినవాడెవడో కనుక్కోకుండానే పాస్‌వర్డ్ చేతిలో పెట్టారని, 38 కోట్ల డాలర్ల నష్టమని క్లోరాక్స్ 2025లో దావా వేసింది. మాకప్పగించింది హెల్ప్‌డెస్క్ పనే, సెక్యూరిటీ కాదు అని కాగ్నిజెంట్ జవాబు. నిజానిజాలు కోర్టు చూసుకుంటుంది. కానీ పాస్‌వర్డ్ మార్చివ్వడం సెక్యూరిటీ పని కాకపోతే మరేంటండీ అది?

ఆ ఫోనెత్తే కుర్చీలో నేనూ కూర్చున్నాను, వేరే కంపెనీలో, రెండేళ్లు, నైట్ షిఫ్టుల్లో. కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని స్క్రీన్ మీద గడియారం తిరుగుతుండేది. వెరిఫికేషన్ ప్రశ్నలన్నీ అడిగితే గడియారం ఎర్రబడేది, అవతలి మనిషి విసుక్కునేవాడు, నెలాఖర్లో నా రేటింగ్ పడిపోయేది. అడక్కుండా ఇచ్చేస్తే ఎక్సలెంట్ అని ఫీడ్‌బ్యాక్. (సెక్యూరిటీ ట్రైనింగ్ వీడియో ఏటా చూశాం లెండి, రెట్టింపు స్పీడులో.)

పోల్చాలంటే పోల్చండి. కానీ దాడి సంగతి ఎన్నాళ్లకి చెప్పారో, ఎవరు బయటపెడితే చెప్పారో చూడండి. సెర్ట్-ఇన్ 2022 నుంచి 6 గంటల్లో చెప్పాలంటోంది, కానీ అది తనకి, మనకి కాదు. ఇన్ఫోసిస్ అనుబంధ సంస్థ మెక్‌కామిష్ మీద 2023 నవంబర్‌లో దాడి జరిగితే, సుమారు 65 లక్షల మంది వివరాలు బయటపడ్డాయని తేలడానికి నెలలు పట్టింది.

ఇంకోటి కూడా అడగండి: ప్రశ్నలన్నీ అడిగి కాల్ లేటు చేసిన ఉద్యోగికి మీ దగ్గర రేటింగ్ పెరుగుతుందా, తగ్గుతుందా? మానేసే రోజు ఎగ్జిట్ ఇంటర్వ్యూలో నేనిదే అడిగాను. ఫారంలో ఆ కాలమ్ లేదన్నారు హెచ్‌ఆర్ మేడమ్.