పాత చందమామకు భక్తులొద్దు, పాఠకులు కావాలి

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలదే. అక్కడ పాత పిల్లల పత్రిక చందమామ చేతిలోకి తీసుకుంటే ధర పుస్తకాన్ని బట్టి ఉండదు, మన మొహాన్ని బట్టి ఉంటుంది. మొన్న ఒక బైండు పుస్తకం తెరిచి, ‘‘ఎంత బాబూ?’’ అన్నాను. అమ్మే అతను నవ్వి, ‘‘ఇగ మీరు దాన్ని పెట్టి పోరు మేడం, బేరం ఎందుకు?’’ అన్నాడు. బేరమాడాను గానీ అతనే గెలిచాడు.

అది ‘మాయాసరోవరం’ సీరియల్. ఎవరో నెలనెలా చందమామలోంచి ఆ సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, దారంతో కుట్టించి, కాలికో అట్ట వేయించారు. భాగం ముగిసిన పేజీ తిప్పితే వెనక ఇంకేదో కథ మొదలై నాలుగు మాటలకే తెగిపోతుంది. ఆ ముక్కలన్నీ అలాగే ఉన్నాయి. ప్రతి భాగం ముందూ బ్రాకెట్లలో జరిగిన కథ. నెలంతా ఎదురుచూసినవాళ్లకు అవసరమైన ఆ నాలుగు వాక్యాలు, పేజీ తిప్పితే చాలనుకునే నాకు అడ్డం వచ్చాయి.

మొజంజాహీ మార్కెట్‌కు నడిచి, ఐస్‌క్రీం కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మొదటి భాగాలు అక్కడే చదివేశాను. సీరియల్ మొదలైన 1976లో నాకు పన్నెండేళ్లు. సూర్యాపేటలో మా ఎదురింటివాళ్లు చందమామ తెప్పించేవారు. వాళ్లింట్లో అందరూ చదివాక మాకు వచ్చేది. ఆ వయసులో చదివినదాన్ని మళ్లీ తెరవాలంటే చాలామందికి జంకు. ‘‘అప్పటి రుచి పోతుందేమో, వద్దులే’’ అంటారు. నాకు ఈ మాట నచ్చదు. చదవకుండా దాచుకున్న ఇష్టం ఆ పుస్తకానికి ఏ మేలూ చెయ్యదు.

మా వాట్సాప్ గ్రూపులో వారానికొకరు పాత ముఖచిత్రం పెడతారు. కింద వరసగా దండాలు, ‘ఆ రోజులే వేరు’ అన్న నిట్టూర్పులు. వెంటనే పిల్లలు ఫోన్లు వదలడం లేదన్న ఫిర్యాదు. ‘‘మీరు ఆఖరిసారి ఆ సీరియల్ చదివిందెప్పుడు?’’ అని నేను అడిగితే గ్రూపు చల్లబడిపోయింది.

మళ్లీ చదివితే ముందుగా రచయిత కనిపిస్తాడు. అప్పట్లో సీరియల్‌కు రచయిత పేరు వేసేవారు కాదు. రాజులనూ రాక్షసులనూ గుర్తుపెట్టుకున్నాం, చిత్రకారుడు చిత్రాగారి బొమ్మలు గుర్తుపెట్టుకున్నాం, రాసిందెవరో మాత్రం ఏళ్ల తరబడి తెలియదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు సీరియళ్లు. వాక్యం పొట్టిది, విశేషణం తక్కువ. అడవి వర్ణన రెండు ముక్కల్లో ముగిసి మూడో ముక్కలో ఏదో ఒకటి మీదికి దూకుతుంది. ఆ తెలుగు వెనక కొడవటిగంటి కుటుంబరావు ఉన్నాడు. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను నడిపింది ఆయనే. మంత్రాలకు చింతకాయలు రాలతాయని నమ్మే మనిషి కాదు. విప్లవ రచయితల సంఘం (విరసం)లో ఉన్న హేతువాది. ఆయన చేతిలోని పత్రికలో మాంత్రికులు నెలనెలా వీరంగం వేశారు. ఇది వింత అనుకునేదాన్ని. ఇప్పుడు చదివితే వింతగా లేదు. ‘మాయాసరోవరం’ వీరుడు జయశీలుడు భయపడేముందు ఎదురుగా ఉన్నది ఏమిటో ఒకసారి చూస్తాడు. ఆ చూపు పిల్లలకు అలవాటు చెయ్యడానికి మాయలూ పనికొస్తాయి.

ఇక లోటు. కనకాక్ష మహారాజు పిల్లలు కాంచనవర్మ, కాంచనమాల మాయమైపోతే వెతకడానికి బయల్దేరేది జయశీలుడూ సిద్ధసాధకుడూ. చిన్నప్పుడు కందికట్టె పట్టుకుని నేనే జయశీలుణ్ణి. మా తమ్ముడు సిద్ధసాధకుడు, కేకలు వాడివి. కాంచనమాలగా ఉండమంటే మా చెల్లి ససేమిరా ఒప్పుకోలేదు. ‘‘దానికి పనేముంది, తప్పిపోవడమేగా!’’ అంది. ఎనిమిదేళ్ల పిల్ల చేసిన ఆ విమర్శకు ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. ఒక్క ఈ సీరియలే కాదు. మిగతావాటిలోనూ సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు, ఖడ్గవర్మ, జీవదత్తుడు... అన్నీ మగపేర్లే. అడవి మనుషులు చాలాసార్లు వీరుల దారికి అడ్డంపడే గుంపులుగానే వస్తారు. ఉట్నూరులోనో భద్రాచలంలోనో ఒక ఆదివాసీ పిల్ల ఇవి చదివితే ఏమనుకుంటుంది? ఈ ప్రశ్న అడిగినంత మాత్రాన దాసరిగారి గౌరవం తగ్గదు. పెద్ద రచయితలనే కదా మనం ప్రశ్నలడిగేది.

అబిడ్స్‌లో అదే ఫుట్‌పాత్ మీద ఉర్దూ పుస్తకాలూ ఉంటాయి. ఆ భాషలోనూ మాయల కథలున్నాయి. 1880ల నుంచి లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ సంపుటాల మీద సంపుటాలుగా అచ్చేసిన అమీర్ హమ్జా దాస్తాన్లు. వాటిని పండితులు పనికిరావని పక్కన పెట్టారు. ఉర్దూ విమర్శకుడు శమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ మొత్తం 46 సంపుటాలూ సంపాదించి, చదివి, వాటి కథనశాస్త్రం మీద పుస్తకాలు రాశాడు. 2005లో మహమూద్ ఫారూఖీ ఆ కథలు చెప్పే కళను మళ్లీ వేదికెక్కించాడు. ఇవాళ కుర్రవాళ్లు టికెట్లు కొని వింటున్నారు. ఆ కథలకు మళ్లీ ఊపిరి పోసింది నిట్టూర్పులు కాదు, ఒక మనిషి ఓపికగా కూర్చుని చదవడం.

మనకు 46 అక్కర్లేదు, పన్నెండే. వాటిని బాలసాహిత్యం అరలోంచి తీసి నవలల అరలో పెట్టాలి. అట్ట మీద రచయిత పేరు, లోపల అచ్చయిన సంవత్సరం, గొప్పతో పాటు లోటూ చెప్పే ముందుమాట ఉండాలి. అబిడ్స్‌కు దగ్గర్లోనే, సుల్తాన్ బజార్‌లో, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఉంది. అలాంటి చోట నెలకో సీరియల్ పెట్టుకుని, అరవై దాటినవాళ్లనూ పదహారేళ్లవాళ్లనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి వాదించుకోనిస్తే ఏ ప్రభుత్వ నిధులూ అక్కర్లేదు.

మనవళ్ల చేతిలో పెట్టేముందు మనం ఒకసారి చదవాలి. ‘‘అమ్మమ్మా, కాంచనమాల తనంతట తాను ఏమీ చెయ్యదెందుకు?’’ అని పిల్ల అడుగుతుంది. ‘‘మా కాలంలో అంతేనమ్మా’’ అని తప్పించుకుంటే పుస్తకం మూసేస్తుంది. ‘‘అవును, నాకూ అదే కోపం. అయినా ఈ పేజీ చూడు’’ అనగలిగితే ఇంకో పేజీ తిప్పుతుంది.