పింఛనుకు దొరికిన గుమ్మం పడవకు దొరకదా?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ఒకటో తారీఖు ఆదివారం కావడంతో ఆ నెల పింఛన్ల ఇంటింటి పంపిణీ ముందురోజే, ఆగస్టు 31న రాష్ట్రమంతటా మొదలైంది. అంటే ఏ వీధిలో ఏ ఇంట్లో ముసలివారున్నారో, ఎవరు మంచం దిగలేరో ప్రభుత్వానికి అప్పటికే గుమ్మంతో సహా తెలుసు. మర్నాడు వీధుల్లోకి వెళ్లిన పడవలవారి చేతిలో మాత్రం ఆ వివరం లేదు. కేక వినిపించిన వైపు పడవ వెళ్లింది. కేక వేయలేనివారి సంగతేమిటి?

ఆంధ్రప్రదేశ్ పింఛన్ల పట్టికను ఒకసారి ఈ కోణంలో చూడండి. వృద్ధులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు 10,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. డబ్బు లెక్కగా కనిపించే ఈ అంకెలు నిజానికి వరదలో ఎవరిని ముందు కదిలించాలో చెప్పే వరుస. 15,000 అందుకునే మనిషికి పడవ ఒక్కటే చాలదు, మోసుకెళ్లే నలుగురు కావాలి. 10,000 అందుకునే మనిషిని ఎత్తైన చోటికి చేర్చి అన్నం పెట్టినా ప్రాణం నిలవదు, రెండు మూడు రోజుల్లో డయాలసిస్ అందాలి.  ఇంత వివరంగా రాసి ఉన్న జాబితా ఉండీ దాన్ని నగదు పంపిణీకే వాడుతున్నాం.

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్, జిల్లాలోని దివ్యాంగుల వివరాలను జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసి ఉంచాలనీ, ముప్పు గురించి వారికి తెలియజేసే ఏర్పాట్లు చేయాలనీ చెబుతోంది. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలూ ఇచ్చింది. కానీ పింఛన్లు చూసే శాఖ ఒకటి, వరదలు చూసే శాఖ మరొకటి. కాగితం ఒక గదిలో, పడవ ఇంకో గదిలో.

జపాన్ ఈ తప్పుకు చాలా పెద్ద మూల్యం చెల్లించింది. 2011 మార్చి 11 సునామీలో చనిపోయినవారిలో సగానికి మించి అరవై దాటినవారే. దివ్యాంగుల మరణాల రేటు మిగతా జనంతో పోలిస్తే దాదాపు రెట్టింపు. సాయం అవసరమైనవారి జాబితాలు అక్కడి పురపాలికల్లో చాలావాటి దగ్గర ఉన్నాయి. వ్యక్తిగత వివరాలు బయటపెట్టకూడదన్న జంకుతో చాలాచోట్ల వాటిని రక్షించేవారికి ఇవ్వలేదు. 2013లో చట్టం మార్చి జాబితాలను తప్పనిసరి చేశారు, ఆపదవేళ అనుమతి లేకున్నా ఇవ్వవచ్చన్నారు. 2021లో ఇంకో అడుగు వేసి, ఎవరిని ఎవరు ఎక్కడికి తీసుకెళ్లాలో మనిషి మనిషికీ ప్రణాళిక రాయడానికి పురపాలికలు పూనుకోవాలన్నారు. మనం నేర్చుకోవలసింది ఈ చివరి మాటే. పేరు రాసుకోవడంతో సరిపోదు, ఆ పేరు పక్కన ఎత్తుకెళ్లేవారి పేరు ఉండాలి.

విజయవాడ వరదలో డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించారు. మంచి పనే, ఎన్నో ఆకళ్లు తీరాయి. అయితే మేడ మీద పడిన పొట్లం మంచంలో ఉన్న మనిషిని చేరదు. మైకు ప్రచారం చెవిటివారికి అందదు, వారికి ఫోనులో చిత్రాలతోనో సైగల వీడియోతోనో కబురు వెళ్లాలి, లేదా ఒక మనిషి తలుపు దగ్గరికి రావాలి. పునరావాస కేంద్రానికి ర్యాంపు లేకపోతే, కూర్చుని వాడుకోగల మరుగుదొడ్డి లేకపోతే చాలామంది పెద్దవాళ్లు ఇల్లు కదలనే కదలరు. దాన్ని మొండితనం అంటాం. పదిమందిలో పరువు పోతుందన్న భయం అది.

పింఛను జాబితాలో లేనివారూ ఉన్నారు. పిల్లలు అమెరికాలో ఉండి, అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఇద్దరే మిగిలిన దంపతులు ఏ పథకంలోనూ కనిపించరు. కరెంటు పోయి లిఫ్టు ఆగితే వారికీ మంచం పట్టినవారికీ తేడా లేదు. వార్డు సచివాలయం ఇలాంటి ఇళ్లనూ రాసుకోవాలి, అపార్టుమెంటు సంఘాలు ఆ వివరాలు ఇవ్వాలి. పిల్లలు కూడా డబ్బు పంపడంతో ఆగకుండా, పక్కింటివారి నంబరు దగ్గర పెట్టుకోవాలి. వారం మందులు, మందుల చీటీ, సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఉంటే దాని నకలు, కళ్లజోడు, వినికిడి యంత్రం బ్యాటరీలు ఒక సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టించాలి.

దీనికి కొత్త పథకం, కొత్త పేరు, కొత్త యాప్ అక్కర్లేదు. వచ్చే నెల ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి పింఛను చేతికిచ్చాక ఒక్క ప్రశ్న అడిగి జవాబు రాసుకునేలా ప్రభుత్వం ఆదేశమివ్వాలి: "అమ్మా, నీళ్లొస్తే నిన్ను ఎవరు ఎత్తుకెళ్తారు?" ఎవరూ లేరన్న జవాబు వచ్చిన ఇళ్ల జాబితా ఆ సాయంత్రానికే కలెక్టరు బల్ల మీద ఉండాలి.