చెట్టుకు లెక్కుంది, కూలికి లేదు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అధికారులొచ్చి లెక్క కట్టారు. కొబ్బరికి చెట్టుకింత, జీడికి హెక్టారుకింత. అది అందాల్సిందే, కాదనం. చిన్నరైతు గోడు మాకూ తెలుసు. కానీ ఆ డబ్బు పోయింది పట్టా ఉన్నవాడి పేరు మీద. మన వాడల్లో ఎంతమందికుంది పట్టా? చెట్టెక్కి కాయ దింపినవాడికీ, పీచు ఒలిచినవాడికీ, పిక్కలేరిన ఆడకూతురికీ ఏటి వచ్చింది? బియ్యం ఇచ్చారు. అవి ఎన్నాళ్లు?

కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు, జీడికి మూడు నాలుగేళ్లు. అన్నాళ్లూ కూలివాడు ఏం తిని బతకాలి? బడిలో పాఠం చెప్పే మాకు వలస సంగతి ముందు తెలిసేది హాజరుపట్టీలోనే. తల్లిదండ్రులు చెన్నై, హైదరాబాదు రైలెక్కితే పిల్లల పేర్లెదుట వరసగా గైర్హాజర్లే.

పలాస-కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. పిక్క కొట్టేదీ పొట్టు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. జీడి సొనకు వేళ్లు కాలతాయి. కూలి కిలోల లెక్కన. మిషన్లొచ్చి ఆ పనీ తగ్గింది. ఆఫ్రికా నుంచి పిక్క రాకపోయినా, పప్పు ధర పడినా పని ఆగిపోతుంది. ఆగిన రోజులకు కూలెవరిస్తారు?

సోంపేట బీలనూ ఇలాగే చూశారు. కాగితం మీద అది బంజరు. చేపలు పట్టేవాడికి, గొడ్లు మేపేవాడికి తిండి. అక్కడ థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జులై 14న జనం మీద కాల్పులు జరిపారు. టెక్కలి పక్క మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకు శంకుస్థాపన చేశారు. ఉద్యోగాలొస్తాయంటున్నారు. రానీండి, మాకేం కడుపుమంట లేదు.

కానీ ఒక సంగతి అడగాలి. 2013 భూసేకరణ చట్టం, మూడేళ్లుగా ఆ నేల మీద పని చేసి బతికే భూమిలేని కూలి కుటుంబం కూడా బాధిత కుటుంబమే అంది. అంటే తలచుకుంటే సర్కారుకు కూలీని లెక్కపెట్టడం వచ్చు. ప్రాజెక్టుకు భూమి పోతే బాధితుడైన కూలీ, తుపానుకు తోట పోతే ఎందుకు కాడు? తోట మళ్లీ కాపుకొచ్చేదాకా కూలి నష్టం కట్టించాలి.

తుపాన్ల కాలం రాకముందే వాడవాడలో కూర్చుని, ఎవరు ఏ తోటలో, ఏ షెడ్డులో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో పేర్లు రాద్దాం. ఆడవాళ్ల పేర్లు విడిగా రాయాలి, మొగుడి పేరు కింద కాదు. ఒక కాపీ పంచాయతీకి, ఒకటి తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకుందాం.