భూసార పత్రంలో లేని గడి

మీ పొలానికి భూసార పత్రం ఉంటే ఒకసారి తీసి చూడండి. అందులో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని జింకు, బోరాన్, సేంద్రియ కర్బనం వరకు పైరుకు కావలసినవన్నీ ఉన్నాయి. తినే మనిషికి హాని చేసే కాడ్మియం, ఆర్సెనిక్, సీసం మాత్రం లేవు. 2015లో ఆ పథకం మొదలైనప్పుడు నాకూ ఈ లోపం తోచలేదు.

2025 ఏప్రిల్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చదివాక తోచింది. దెయి హౌ అనే చైనా శాస్త్రవేత్త, ఆయన సహచరులు సుమారు ఎనిమిది లక్షల మట్టి నమూనాల వివరాలు క్రోడీకరించి, ప్రపంచ సాగుభూమిలో 14 నుంచి 17 శాతం విషలోహాల బారిన పడిందని అంచనా కట్టారు. అన్నిటికంటే ఎక్కువ విస్తరించినది కాడ్మియం. చెన్నూరు మట్టి చెడిపోయిందని వారు అనలేదు; నేనూ అనడం లేదు. కాని దక్షిణాసియాను ముప్పు ఉన్న ప్రాంతాలలో చేర్చారు గనుక పరీక్షించుకోవడం మన వంతు.

కాడ్మియం మూత్రపిండాలలో చేరితే అందులో సగం పోవడానికే పది నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. జపాన్‌లో జింజు నది నీటితో పండిన బియ్యం తిన్నవారికి ఎముకలు విరిగే జబ్బు వచ్చింది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం ‘నొప్పి, నొప్పి’. వరి మడితో ఇంకో చిక్కు కూడా ఉంది. నీరు నిలిస్తే ఆర్సెనిక్, మడి ఆరితే కాడ్మియం గింజలోకి ఎక్కువగా ఎక్కుతాయి.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు మూత్రపిండాల రోగి వస్తే చక్కెర, రక్తపోటు, నొప్పి మాత్రల గురించి అడిగేవాణ్ణి. బీడీ తాగుతావా అనీ అడిగేవాణ్ణి. నీ మడి ఎక్కడుంది అని ఒక్కరినీ అడగలేదు.

మనకు పొరుగున జైపూర్ మండలంలో సింగరేణి వారి 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం 2016 నుంచి నడుస్తోంది. మన దేశపు బొగ్గు వంద టన్నులు కాలిస్తే ముప్పై, నలభై టన్నుల బూడిద మిగలడం సాధారణం. బూడిద ఇటుకతో ఇల్లు కట్టుకోవచ్చా అని నన్ను అడిగేవారున్నారు. నిస్సంకోచంగా కట్టుకోండి. బూడిదలోని సిలికా సున్నంతోను, నీటితోను కలిసి గట్టిపడి లోహాలను చాలావరకు బంధిస్తుంది. ఎర్ర ఇటుక కోసం పొలం పైమట్టి తవ్వే పనీ తప్పుతుంది. మీరు కొనే పీపీసీ సిమెంటులోనూ ఆ బూడిదే 15 నుంచి 35 శాతం ఉంటుంది. ఇటుక కోసేటప్పుడు లేచే ధూళి మాత్రం ఊపిరితిత్తులకు చేటు. మేస్త్రీని తడిపి కోయమనండి.

నా భయం విడి బూడిద గురించి. పట్టా కప్పని లారీ నుంచి రాలేది, ఎండిన బూడిద చెరువు నుంచి గాలికి లేచేది, అదీ చివరకు మట్టికే చేరుతుంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర ప్రకటన వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం విధించింది. మంచిదే. పక్క పొలాల మట్టిని కూడా ఏటేటా పరీక్షించాలన్నది నా కోరిక. అయితే నెపమంతా బొగ్గు మీదికే నెట్టకండి. కాడ్మియం ఫాస్ఫేటు ఎరువుల వెంట కూడా వస్తుంది.

ఈసారి భూసార పరీక్షకు ఇచ్చేటప్పుడు ఈ మూడు లోహాలనూ చూడమని వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. గట్టు పక్కన, ఎరువు కుప్ప దగ్గర కాకుండా పొలంలో నాలుగైదు చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి కలపండి.