దారి చెప్పేవాడు

పిల్లలూ!

కీసరగుట్ట జాతర మీలో కొందరైనా చూసే ఉంటారు. శివరాత్రినాడు బస్సు దిగిన కొత్తవాడు ఏం చేస్తాడు? "రామలింగేశ్వరస్వామి గుడికి దారి ఎటు?" అని ఎవరినైనా అడుగుతాడు. ఆ మనిషికి దారి తెలిస్తే సరే. తెలియకపోతే? రోడ్డు బాగానే ఉంటుంది, గుడి దాని చోట అది ఉంటుంది, యాత్రికుడు మాత్రం దిగిన చోటే నిలబడిపోతాడు. శ్రీరామనవమినాడు మా ఇంట్లో సరిగా ఇలాగే జరిగింది.

మీ నాయనమ్మకు, అంటే మా ఆవిడకు, మోకాలికి ఆపరేషను అయింది. కదలలేదు గనక, భద్రాచలంలో జరిగే సీతారాముల కల్యాణాన్ని ఇంటర్నెట్ ద్వారా టీవీలో చూడాలని ఆశపడింది. బొమ్మ ఆగి ఆగి వస్తుందేమోనని నాకు భయం. "రౌటరులో డి.ఎన్.ఎస్. అంకెలు మారిస్తే బొమ్మ వేగంగా వస్తుంది" అని ఎవరో అనగా విన్నాను. ఉదయం తొమ్మిదింటికి ఆ అంకెలు నేనే మార్చి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

పదకొండున్నరకు టీవీ పెడితే బొమ్మ రాలేదు! ముందురోజు రాత్రి ఆ టీవీ చూసినవాడు మా మనవడు. వాడి ఫోనులో మాత్రం అన్నీ చక్కగా వస్తున్నాయి. ఇంకేం? "టీవీని నువ్వే పాడుచేశావు!" అని కేకలేశాను. ఎందరో పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, రుజువు లేకుండా ఒక పిల్లవాడి మీద నేరం మోపాను.

వాడి ముఖం చిన్నబోయింది. కాని వాడు, "తాతా, ఒక్క పరీక్ష చేద్దాం" అని, తన ఫోనులో వైఫై ఆపి మళ్ళీ పెట్టాడు. అంతవరకూ పనిచేసిన ఫోను కూడా మూగబోయింది! అంటే తప్పు టీవీది కాదన్న మాట.

ఎందుకని? చెబుతాను, వినండి. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రానికీ అంకెలతో ఒక చిరునామా ఉంటుంది. మనుషులకు అంకెలు గుర్తుండవు, పేర్లు గుర్తుంటాయి. పేరు చెబితే అంకెలు చెప్పే ఏర్పాటే డి.ఎన్.ఎస్. మొదట్లో పేర్లన్నీ అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారు ఒకే జాబితాలో రాసి ఉంచేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ జాబితా మొయ్యరాని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పనిని ప్రపంచమంతటా అనేక యంత్రాలకు పంచే పద్ధతి కనిపెట్టాడు.

ఏ యంత్రాన్ని దారి అడగాలో మా రౌటరు ప్రతి పరికరానికీ చెబుతుంది. ఎప్పుడు? ఆ పరికరం వచ్చి కలుసుకున్నప్పుడు. మనవడి ఫోను పొద్దుటి నుంచీ కలిసే ఉన్నది గనక పాత అంకెలతోనే పనిచేస్తోంది. అప్పుడే పెట్టిన టీవీకి నా కొత్త అంకెలు అందాయి.

తరవాత మావాడు కంప్యూటరు పెట్టి "పింగ్ 8.8.8.8" అని కొట్టాడు. అది గూగుల్ వారు 2009లో మొదలుపెట్టిన డి.ఎన్.ఎస్. చిరునామా. జవాబు వచ్చింది. అంకెలకు బదులు ఒక పేరు కొట్టాడు. పేరు దొరకలేదన్నది. చూశారా? రోడ్డు బాగానే ఉంది, దారి చెప్పేవాడే లేడు!

రౌటరు తెరిచి చూస్తే ఏముంది? 8.8.8.8 అని కొట్టబోయి నేను ఒక అంకె తప్పు కొట్టాను. రెండో గడి ఖాళీగా వదిలేశాను. అంకెలు తీసేసి, మునుపటిలాగే "ఆటోమేటిక్" అని పెట్టి, టీవీని ఆపి మళ్ళీ పెట్టాం. బొమ్మ వచ్చింది! కాని జీలకర్ర-బెల్లం ముహూర్తం దాటిపోయింది. నాయనమ్మకు దక్కినవి తలంబ్రాలు మాత్రమే.

ఇంకో సంగతి. దారి చెప్పేవాణ్ణి మార్చినంతమాత్రాన రోడ్డు వెడల్పు కాదు. పేరు వెతకటం కాస్త త్వరగా కావచ్చు, అంతే. పైగా సినిమాలు పంపేవారు వాటి ప్రతులను అనేక నగరాల్లో నిలవచేస్తారు. దారి చెప్పేవాడు మనకు దూరంగా ఉంటే, దగ్గరి గిడ్డంగికి బదులు దూరపు గిడ్డంగి చూపించినా చూపించవచ్చు. అప్పుడు బొమ్మ ఇంకా నెమ్మదిస్తుంది.

మీ ఇంట్లో ఇలా జరిగితే, పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని ఈ వరస పాటించండి. ఒక్క పరికరమే ఆగిందా, అన్నీ ఆగాయా చూడండి. అంకెలకు జవాబు వచ్చి పేర్లకు రాకపోతే డి.ఎన్.ఎస్.ను అనుమానించండి. రెంటికీ రాకపోతే తప్పు తీగలోనో, రౌటరులోనో, కంపెనీ దగ్గరో ఉండవచ్చు. రౌటరులో ఏది మార్చినా ముందు పాత అంకెలు కాగితం మీద రాసుకోండి. మార్చిన సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి.

ఆ కాగితం ఇప్పుడు మా రౌటరు పక్కనే గోడకు అంటించి ఉంది. రాసింది మా మనవడు. ఆ సాయంత్రమే వాణ్ణి పిలిచి, "తప్పు నాదిరా" అని ఒప్పుకున్నాను. వాడు నవ్వి, "ఈసారి మార్చేముందు నాకు చెప్పు తాతా" అన్నాడు.