గ్రంథాలయంలో మరో కుర్చీ వేయండి

సంపాదకుల వారికి,

మొన్న సాయంత్రం జిరాక్సు షాపులో మా వీధి కుర్రాడు కనిపించాడు. డిగ్రీ పాసయ్యాడు. వాళ్ల నాయన మైపాడులో వేటకు పోతాడు. చేతిలో రెజ్యుమె ఉంటే తీసి చూశాను. స్నేహితుడిది చూసి దించుకున్నాడు. తన పేరు పెట్టుకున్నాడు గానీ తండ్రి పేరు మార్చడం మరిచాడు. కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో నెల కిందటే ఇచ్చి వచ్చాడట. ‘పిలుపు రాలేదు సార్’ అంటాడు. ఎట్లా వస్తుంది?

పక్కనే పోర్టు, నేలటూరులో థర్మల్ కేంద్రం, వంటనూనెల ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు. గేటు కనిపిస్తుంది, లోపలికి దారి చెప్పేవాళ్లే లేరు. మన పిల్లలకు తెలిసిందల్లా గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్. శాఖా గ్రంథాలయానికి వెళ్లి చూడండి, సొంత పుస్తకాలు తెచ్చుకుని అవే చదువుతుంటారు. చదవనీండి, తప్పు లేదు. అప్రెంటిస్‌షిప్ అనేది ఒకటుందని, కేంద్రం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా పేరు నమోదు చేసుకోవచ్చని కూడా ఎవరో ఒకరు చెప్పాలి గదా! పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండి, దరఖాస్తుకు చివరి రోజున నెట్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలను ఏటా చూస్తున్నాను.

నేను అడిగేది కొత్త భవనం కాదు. తీర మండలాల గ్రంథాలయాల్లో వారానికి ఒక సాయంత్రం దరఖాస్తు నింపిపెట్టే, రెజ్యుమె దిద్దే, ఇంటర్వ్యూలో ఎట్లా మాట్లాడాలో చెప్పే మనిషి ఒకరు కూర్చోవాలి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఈ సాయం ఉచితంగానే చేస్తున్నారు. అంత దూరం ఎందుకు, 1935లోనే పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన గ్రంథాలయోద్యమం మనది. పాఠకుడికి ఏం కావాలో అది ఆయన దగ్గరికే మోసుకుపోయారు. ఈనాటి పాఠకుడికి కావలసింది కొలువు.

సిబ్బంది లేరంటారు. నిజమే, చాలాచోట్ల ఉన్న ఒక్కరే రెండు మూడు గ్రంథాలయాలు చూసుకుంటున్నారు. అందుకే ఆ భారం వాళ్ల మీద వేయొద్దు. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఊరికొకరైనా ఉంటారు. రానుపోను ఖర్చులిస్తే చాలు. డబ్బెక్కడిదంటే, ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. అది స్థానిక సంస్థల దగ్గర బకాయి పడిందన్న వార్తలూ మీ పత్రికలోనే చదువుతున్నాం. ముందు ఆ బకాయి రాబట్టాలి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు ఎప్పుడూ ఉండేవే. ఈసారి ఆ వారంలోనే ఈ కుర్చీ కూడా వేయమని జిల్లా గ్రంథాలయ సంస్థకు నా మనవి. మా ఊళ్లో వేస్తే బుధవారం సాయంత్రం 4 నుంచి 7 దాకా కూర్చోవడానికి నేను సిద్ధం. ఖర్చులు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా