అమ్మ నడవగలిగినంత ఢిల్లీ



దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలా ఇళ్లలో ప్రయాణాల మాట మొదలవుతుంది. ఎల్.టి.సి. ఉన్న ఉద్యోగులు, చీటీ డబ్బు చేతికొచ్చినవారు, పిల్లలకు దేశ రాజధాని చూపించాలని ఆశపడేవారు ఢిల్లీ పేరెత్తుతారు. మంచి ఆలోచనే. అయితే ఢిల్లీ ఒక ఊరు కాదు, ఒకదాని పక్కన ఒకటి కట్టిన అనేక ఊళ్లు. మూడు రోజుల్లో దానినంతటినీ చూసేయాలని బయలుదేరితే చూసింది తక్కువ, పరుగెత్తింది ఎక్కువ అవుతుంది. అందుకే ఈ నెల మన శీర్షికలో ఆ మూడు రోజులను ఎలా అమర్చుకోవాలో ఆలోచిద్దాం.

ఏ కోట గుమ్మం దగ్గరైనా ఒక దృశ్యం కనిపిస్తుంది. సంచులు, నీళ్ల సీసాలు ముందు పెట్టుకొని ఒక పెద్దావిడ మెట్ల పక్కన కూర్చొని ఉంటుంది. “మీరు వెళ్లి రండి నాయనా, నేనిక్కడ ఉంటాను” అంటుంది. పిల్లలు లోపలికి వెళ్లి ఫోటోలు తీసుకొని వస్తారు. జీవితమంతా పొలానికీ వంటింటికీ మధ్య గడిపిన ఆ తల్లి ఇంత దూరం వచ్చి చూసింది సంచులనే. మళ్లీ ఢిల్లీ రావడం ఆమె వయసుకు సాధ్యమో కాదో ఎవరు చెప్పగలరు? కాబట్టి మా సలహా ఒక్కటే: ఇంట్లో అందరికంటే తక్కువ నడవగలిగేవారు ఎవరో చూసి, ప్రయాణాన్ని వారి దగ్గర నుండి మొదలుపెట్టండి.

దీనికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. బయలుదేరడానికి నెల రోజుల ముందు ఒక సాయంత్రం అమ్మతోనో, అత్తయ్యతోనో, తాతయ్యతోనో కలిసి బజారు దాకా నడవండి. ఎన్ని నిమిషాలకు “కాసేపు కూర్చుందాం” అంటారో గమనించండి. అదే మీ కొలత. పగటికి రెండే చోట్లు, మధ్యాహ్నం విశ్రాంతి అన్నది ఆ కొలతను బట్టే తేలుతుంది.

ఇక సమయం. వేసవి సెలవులు పొడవైనవే గాని మే నెలలో ఢిల్లీ ఎండ, వడగాలి పిల్లలకూ పెద్దలకూ మంచివి కావు. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో పొగమంచు వలన రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. దీపావళి తరువాత నవంబరులో గాలి కలుషితమై ఆయాసం ఉన్నవారిని చాలా బాధిస్తుంది. మిగిలినవి దసరా సెలవులు, లేదా ఫిబ్రవరి మొదలు మార్చి సగం వరకు. రైలు టికెట్లు 2024 నవంబరు నుండి 60 రోజుల ముందే ఇస్తున్నారు గనుక తేదీలు ముందుగా తేల్చుకోండి. టికెట్ తీసేటప్పుడు పెద్దవారి వయసు సరిగా రాయండి. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు ఖాళీని బట్టి కింది బెర్తు కేటాయిస్తారు. ఒక రోజు పైనే సాగే ఈ ప్రయాణంలో మోకాళ్ల నొప్పులవారికి ఆ బెర్తు ఎంత మేలో చెప్పనవసరం లేదు.

వారాలు కూడా చూసుకోవాలి. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, గాంధీ స్మృతి సోమవారం మూసి ఉంటాయి. కుతుబ్ మీనారు, హుమాయూన్ సమాధి వారమంతా తెరిచే ఉంటాయి. కాబట్టి శనివారం రాత్రికి ఢిల్లీ చేరేటట్లు చూసుకుంటే మూడు రోజులు ఇలా అమరుతాయి.

ఆదివారం పాత ఢిల్లీ. ఉదయం కాశ్మీరీ గేటు దగ్గరి సెయింట్ జేమ్స్ చర్చిలో ఆరాధనకు వెళ్లవచ్చు. యుద్ధంలో గాయపడి పడి ఉన్నప్పుడు చేసుకున్న మొక్కుబడి ప్రకారం కల్నల్ జేమ్స్ స్కిన్నర్ తన సొంత ఖర్చుతో కట్టించిన చర్చి ఇది. 1836లో ప్రతిష్ఠించారు. ఆయన సమాధి కూడా అందులోనే ఉంది. అక్కడి నుండి మెట్రో ఊదారంగు లైనులో ఒక్క స్టేషను దాటితే లాల్ ఖిలా. షాజహాన్ ఈ ఎర్రకోటను 1639లో మొదలుపెట్టి 1648లో పూర్తి చేశాడు. లోపల నేల చదునే గాని నడక ఎక్కువ, నిదానంగా సాగండి. దివాన్-ఎ-ఖాస్ ముందు పిల్లలకు మన సంగతి ఒకటి చెప్పండి. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూరు వజ్రం, 1739లో నాదిర్షా ఢిల్లీని దోచి పట్టుకుపోయిన సొత్తులో ఉంది. జామా మసీదుకు ఎత్తైన మెట్లున్నాయి. ఎక్కగలిగినవారు ఎక్కుతారు, తక్కినవారికి కింద నుండి కనిపించేదే ఘనంగా ఉంటుంది.

సోమవారం దక్షిణం వైపు. కుతుబ్ మీనారు ఎత్తు 72.5 మీటర్లు. 1981లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి ఎందరో పిల్లలు చనిపోయారు. అప్పటి నుండి పైకి ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. కనుక ఎక్కలేకపోయామన్న బాధ పెద్దలకు ఇక్కడ లేదు, అందరూ కింద నుండి చూసేవారే! పక్కనే 1,600 ఏళ్ల నాటి ఇనుప స్తంభం ఉంది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ కావడంతో పైన సన్నని పొర ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతున్నదని శాస్త్రజ్ఞులు వివరించారు. సాయంత్రం హుమాయూన్ సమాధి. దాని అరుగు ఎక్కే మెట్లు నిటారుగా ఉంటాయి. తోటలో చెట్ల నీడన అమ్మ దగ్గర ఒకరు కూర్చుంటే తక్కినవారు ఎక్కి రావచ్చు, తరువాత మనిషి మారాలి. ఆమె ఒంటరిగా ఉండకూడదన్నదే ముఖ్యం. ఈ రెండు చోట్లా, ఎర్రకోటలోనూ 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు.

మంగళవారం కొత్త ఢిల్లీ. ఇండియా గేటు, 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం పక్కపక్కనే ఉన్నాయి. తరువాత గాంధీ స్మృతి. 1948 జనవరి 30 సాయంత్రం బాపూజీ ప్రార్థనకు నడిచి వెళ్లిన దారిలో ఆయన అడుగుల గుర్తులు నేలపై ఏర్పాటు చేశారు. పెద్దవారు సైతం తేలికగా నడవగల దారి అది. వాటి వెంట నడిచినప్పుడు పాఠంలో చదివిన సంగతి పిల్లలకు మనసులో నాటుతుంది. రొట్టెలు సరిపడని పెద్దలకు అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్లో మన అన్నం, పప్పు, పచ్చడి దొరుకుతాయి.

“తాజ్‌మహల్ చూడకుండా వస్తామా?” అని మీరు అడగవచ్చు. ఆగ్రా 200 కిలోమీటర్ల పైనే ఉంది, తాజ్ శుక్రవారం మూసి ఉంటుంది. వీలుంటే నాలుగో రోజు కలుపుకోండి గాని ఈ మూడింటిలో దానిని ఇరికించవద్దు. దానికోసం అప్పు అసలే చేయవద్దు. తిరిగి వచ్చాక నెలల తరబడి వాయిదాలు కట్టుకునే ఇంట్లో ఏ జ్ఞాపకమూ తీపిగా ఉండదు.

చివరిగా ఒక మాట. పథకమంతా ఇంటి యజమాని ఒక్కరే వేయకూడదు. ఒక రాత్రి భోజనాల తరువాత అందరూ కూర్చొని, ఒక్కొక్కరు ఒక్క చోటు కోరుకోండి. అమ్మను ముందుగా అడగండి. “నాదేముంది, మీ ఇష్టం” అంటుంది. అక్కడితో వదిలేయక మళ్లీ అడగండి. ఆమె నోట వచ్చిన పేరును కాగితం మీద మొదటి వరుసలో రాయండి. సంచులు వంతులవారీగా అందరూ మోయవచ్చు.